ఇంగ్లాండు కూలి తాత ఊరు పట్టుకోవడం ఎలా

వాల్తేరు రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో "మా ముత్తాత ఇంగ్లాండు నుంచి వచ్చాడట" అనే మాట మామూలే. ఏ ఊరని అడిగితే లండన్ అంటారు. చోడవరం పక్క పల్లెవాడు బయటికెళ్తే "మాది వైజాగ్" అన్నట్టే అదీను. ఆ మాట పట్టుకుని వెతికితే ఒకే పేరువాళ్లు కుప్పలుగా తగులుతారు. కూలివాడికి వీలునామా ఉండదు, భూమి కాగితం ఉండదు. అసలు పారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధి, ఏదో తేలితేనే పని కదులుతుంది.

మొదలుపెట్టాల్సింది ఇటు నుంచే. విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కదా, ఇక్కడి చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల నకళ్లు లండన్‌కి వెళ్లేవి. బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరస అవే. ఆయన ఈస్టిండియా కంపెనీ సోల్జరైతే అక్కడే ఎల్/మిల్/11 అనే మద్రాసు సైన్యం కాగితాల వరస కూడా చూడండి. సైన్యంలో చేరిన వాళ్ల పట్టీల్లో పుట్టిన ఊరు, పాత పని దొరకొచ్చు.

తర్వాత ఇంగ్లాండు జనగణన. 1851 నుంచి వరసగా 1921 దాకా చూడొచ్చు. 1931ది కాలిపోయింది, 1941లో అసలు తీయలేదు. 1841ది మాత్రం కొంచెం తిరకాసు. పెన్సిల్ రాత, చాలాచోట్ల వెలిసిపోయింది. పదిహేను దాటినవాళ్ల వయసు కింది ఐదు గుణిజానికి దించి రాశారు, 37 ఉంటే 35 అని. అందుకే 1841లో 35, 1851లో 47 ఉన్నవాడు ఒకే మనిషి కావచ్చు. బంధుత్వమూ రాయలేదు, ఒకే ఇంట్లో ఉన్న ఆడామగా భార్యాభర్తలే అనుకోకండి. పేరు పక్కన "ఆగ్ ల్యాబ్" అని ఉంటే వ్యవసాయ కూలి.

1851 నుంచి పుట్టిన పారిష్ కూడా రాశారు. తండ్రి ఊరొక్కటే కాదు, పిల్లల ఊళ్లూ వరసగా రాసుకోండి. పెద్దవాడు ఒకచోట, రెండోది ఇంకోచోట పుట్టి ఉంటే పనికోసం కుటుంబం తిరిగిన దారి బయటపడుతుంది. పెద్దబిడ్డ పుట్టిన పారిష్‌లో గానీ, తల్లి పుట్టింటి ఊళ్లో గానీ పెళ్లి నమోదు కోసం ముందు వెతకండి.

జనగణన పేర్ల ఇండెక్సులో దొరకలేదంటే ఆ మనిషి లేడని కాదు. రాసేవాడికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. హారిస్ ఆరిస్ అయిపోయాడు. మన ఇంటిపేర్లు ఓటరు లిస్టులో పడే పాట్లే. ఇంటిపేరు తీసేసి చిన్నపేరు, వయసు, పుట్టిన ఊరు ఇచ్చి చూడండి.

పారిష్ రిజిస్టర్లలో 1813 నుంచి బాప్తిస్మానికి అచ్చు ఫారం వచ్చింది. తండ్రి పని, నివాసం అందులో ఉంటాయి. అయితే అది పుట్టినరోజు కాదు. ముగ్గురు పిల్లలకి ఒకేరోజు బాప్తిస్మం ఇప్పించినవాళ్లున్నారు. దొరికిన బిడ్డే మీ తాత అనుకునే ముందు భూస్థాపనల పుస్తకం తిప్పండి. బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవారు. ఈ ఒక్క పని చెయ్యక ఎన్ని వంశవృక్షాలు దారి తప్పాయో!

1834కి ముందువాళ్లకి సెటిల్‌మెంట్ వాంగ్మూలం, అంటే తాను ఏ పారిష్‌కి చెందినవాడో చెప్పిన మాట, దొరికితే పండగే. ఇంగ్లాండులోని జిల్లా (కౌంటీ) రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. కూలి అడుక్కునే స్థితికొస్తే పోషణ ఏ పారిష్ మీద పడాలన్నది తగువు. పెళ్లికానివాడు ఒకచోట ఏడాది జీతానికి కుదిరి పూర్తిగా చేస్తే ఆ పారిష్‌దే బాధ్యత. అందుకే మేజిస్ట్రేటు ఎదుట ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర పాలేరుగా ఎన్నాళ్లు చేశాడు, జీతమెంత, అన్నీ చెప్పించేవారు. కొందరు రైతులు కావాలనే 51 వారాలకే కుదుర్చుకునేవారు, ఆ భారం తమ పారిష్ మీద పడకుండా.