ఆకుల కషాయం, లోహ నానోకణాలు, నాన్నగారి మూత్రపిండాలు

మధుమేహం ఉన్న నాన్నగారి మూత్రపరీక్షలో, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయనడానికి సూచనగా, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కనిపించిన నాటి నుంచి మూత్రపిండాల పరిశోధనలను శ్రద్ధగా చదువుతున్నాను. మొక్కలతో తయారుచేసే లోహ నానోకణాలు వాటిలో నన్ను బాగా ఆకర్షించాయి. ఆకులను మరిగించి వడగట్టిన కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపితే, అందులోని పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు వెండి అయాన్లను క్షయకరణం చేసి (అంటే ఎలక్ట్రాన్లు అందించి) 1 నుంచి 100 నానోమీటర్ల కణాలుగా మార్చడమే కాక, అవి ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టూ పొరలా నిలుస్తాయి. ద్రావణం గోధుమరంగుకు తిరగడమే తొలి గుర్తు. ఎంత సరళమైన రసాయనశాస్త్రం!

స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో మధుమేహం కలిగించిన ఎలుకల్లో ఇలాంటి వెండి, జింక్ ఆక్సైడ్ కణాలు ఆక్సీకరణ ఒత్తిడిని (చురుకైన ఆక్సిజన్ అణువులు పోగై కణజాలాన్ని దెబ్బతీయడాన్ని), మూత్రపిండాలు రక్తం నుంచి వడగట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్‌ను తగ్గించినట్లు ప్రయోగాలు చూపాయి. అయితే కొన్ని వారాల ఎలుకల ఫలితాన్ని మనిషి ఏళ్ల తరబడి అనుభవించే జబ్బుకు వర్తింపజేయడానికి నేను సిద్ధంగా లేను. సుమారు 6 నానోమీటర్లకు మించిన కణాలు మూత్రంలో సులువుగా బయటికి పోక కాలేయంలో, ప్లీహంలో పేరుకుంటాయి. మోతాదు మించితే ఆ కణాలే మూత్రపిండాన్ని గాయపరుస్తాయి.

దీనికి భిన్నంగా, మధుమేహంతో పాటు మూత్రపిండ జబ్బు ఉన్న 4,401 మందిపై జరిగి 2019లో వెలువడిన క్రెడెన్స్ అధ్యయనంలో కానాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహ మాత్ర, మూత్రపిండ వైఫల్యంతో సహా ప్రధాన ముప్పులను 30 శాతం తగ్గించింది. అందుకే నాన్నగారికి వైద్యులు రాసిన మాత్రలను ఒక్కపూట కూడా మాననివ్వడం లేదు.