తులానికి కాస్త తక్కువ

సంక్రాంతికి ఇంటికొస్తే నేను ముందుగా వెళ్లేది గాజువాక ఆటోనగర్‌లో మా మావయ్య లేత్ షాపుకి. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. వెర్నియర్ ఎలా పట్టుకోవాలో, మైక్రోమీటర్ ఎంతవరకు బిగించాలో నేర్పింది ఆయనే. ఈసారి స్టూలు మీద కూర్చున్నానో లేదో, అడిగేశాడు.

"ఆదివారాలు ఏటి చేస్తావురా అక్కడ? ఒక్కడివే కింద గదిలో కూకుంటావంట. కోడలు చెప్పింది."

"తూటాలు తయారు చేసుకుంటాను మావయ్యా."

లేత్ ఆపేశాడు. భయపడ్డాడని అర్థమైంది. ఆ భయం తీర్చాలంటే మొదటి నుంచీ చెప్పాలి. ఆ మధ్యాహ్నమంతా చెప్పాను.

నేను 2008లో హెచ్-1బి వీసా మీద అమెరికాలోని ఒహాయో వెళ్లాను. విమానాల విడిభాగాలు చేసే ఒక షాపులో క్వాలిటీ విభాగంలో పని. మా టూల్ రూమ్‌లో డైలు, అంటే లోహాన్ని నొక్కి ఆకారానికి తెచ్చే అచ్చులు, చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. నేను కొలతలు రాసే పద్ధతి చూసి ఒకరోజు, "నువ్వు మా ఇంటికి రా, నీకు నచ్చే పని ఒకటి చూపిస్తాను" అన్నాడు. రైఫిల్ షూటింగ్ ఆయన ప్రాణం. లేక్ ఈరీ ఒడ్డున క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ రైఫిల్ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ చాలా ఏళ్లు కాల్చిన మనిషి. తన తూటాలు తానే చేసుకునేవాడు. దాన్ని రీలోడింగ్ అంటారు.

నేను వెళ్లలేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటా గానీ తమ దగ్గర ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. వేట లైసెన్స్ ఉన్నవాళ్లలాంటి కొందరికే మినహాయింపు. పైగా ఆ చట్టం దృష్టిలో తూటా అంటే పూర్తిగా తయారైనదే కానక్కర్లేదు. ఖాళీ ఇత్తడి తొడుగు, ప్రైమర్, మందు, బుల్లెట్ విడివిడిగా ఏది ఉన్నా తూటా కిందే లెక్క. అందుకే ఆయన బల్ల మీది ఖాళీ తొడుగును కూడా చేతిలోకి తీసుకోకూడదనుకున్నాను. ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. వీసా సంగతి చూసుకోకుండా వారాంతంలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి, రైఫిల్ పట్టుకుని ఫొటోలు పెట్టే మన కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. ఎన్నో ఏళ్లు కష్టపడి కట్టుకున్న జీవితం ఒక్క ఫొటోతో చిక్కుల్లో పడొచ్చు.

గ్రీన్ కార్డు 2021లో వచ్చింది. ఆ వారమే పెద్దాయనకు ఫోన్ చేశాను. అప్పటికి రిటైరైపోయాడు. "పదమూడేళ్లు గుర్తుపెట్టుకున్నావా?" అన్నాడు. గుర్తుపెట్టుకోకేం చేస్తాను? ఆ ఊళ్లో నన్ను ఇంటికి రమ్మని పిలిచిన మొదటి మనిషి ఆయన.

"సరేగానీ, ఎలా చేస్తార్రా? చిచ్చుబుడ్డి కూరినట్టా?" అన్నాడు మావయ్య. ఆయన చిన్నప్పుడు దీపావళికి సురేకారం, గంధకం, బొగ్గు కలిపి ఇంట్లోనే చిచ్చుబుడ్లు కూరేవారట.

అలా కాదు. సురేకారం కలిపినది పాతకాలపు నల్ల తుపాకీ మందు. నేటి రైఫిల్ తూటాలో ఉండేది పొగ రాని మందు. దాన్ని 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే అనే ఆయన కనిపెట్టాడు. మనం ఏదీ కలపం, నూరం. సీసాలో కొన్నదాన్ని కొన్నట్టే తూచి పోస్తాం. ఒక్కో రకం మందు ఒక్కో వేగంతో కాలుతుంది కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే రైఫిల్ పేలిపోవచ్చు. అందుకే బల్ల మీద ఎప్పుడూ ఒకే సీసా ఉండాలి. పెద్దాయన నాకు పెట్టిన మొదటి నియమం అదే. రెండోది, పని చేస్తున్నంతసేపూ కళ్లద్దాలు తీయకూడదు. మూడోది, ఫోన్ పక్క గదిలో ఉండాలి.

మనం తూటా అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు భాగాలున్నాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. కాల్చాక బుల్లెట్ వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. తొడుగు మాత్రం మిగులుతుంది. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు ఉన్న ఇత్తడి అది. సాగి, మళ్లీ నొక్కితే దారికొచ్చే గుణం దానికుంది. రీలోడింగ్ అంతా ఆ గుణం మీదే నిలబడింది.

మావయ్యకు ఇక్కడి నుంచి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనే అడుగుతూ పోయాడు.

"అంటే కాల్చినప్పుడు ఉబ్బుతాది. డైలో పెట్టి మళ్లీ సైజుకి తేవాల. డై మర ఎంత?"

"ఏడు బై ఎనిమిది అంగుళం, అంగుళానికి పద్నాలుగు చుట్లు."

"యూఎన్ఎఫ్." ఆ మర రకం పేరు చెప్పి తృప్తిగా తలూపాడు. ఏ కంపెనీ డై అయినా దాదాపు ఏ ప్రెస్‌లోనైనా పడుతుందంటే, "బుద్ధున్నోళ్లు" అన్నాడు.

వరుస ఇలా ఉంటుంది. కాల్చిన తొడుగులు శుభ్రం చేసి, పగుళ్లున్నాయేమో ఒక్కొక్కటీ చూడాలి. పలచగా లూబ్ పూసి ప్రెస్‌లో డైలోకి నొక్కితే పాత ప్రైమర్ ఊడి, తొడుగు సైజుకొస్తుంది. కాల్చే కొద్దీ తొడుగు పొడుగు సాగుతుంది కాబట్టి కొలిచి కోయాలి. నా రైఫిల్‌కు పట్టే తూటా రకం .308 విన్‌చెస్టర్. దాని తొడుగు 2.015 అంగుళాలు దాటకూడదు, కోస్తే 2.005కి కోస్తాం. మూతి అంచును లోపలా బయటా వాలుగా చెక్కి (చాంఫర్), కోసినచోట మిగిలిన గరుకు (బర్) తీయాలి. తర్వాత కొత్త ప్రైమర్, తూచిన మందు, పైన బుల్లెట్. మొదలుపెట్టేవాళ్లకు ఒక్కో లాగుకు ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ చాలు. అన్నీ ఒకేసారి చేసే ప్రెస్‌లో ఎక్కడ తేడా వచ్చిందో కొత్తవాడికి కనిపించదు.

నేను మొదలుపెట్టిన ఏడాది కరోనా వల్ల షాపుల్లో ప్రైమర్లు దొరకలేదు. ఆరు నెలల పాటు తొడుగులే సిద్ధం చేశాను. పోసింది లేదు, కాల్చింది లేదు. ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే మంచి ఆరంభం ఉండదనిపిస్తుంది.

మందు ఎంత పోయాలన్నది లోడింగ్ మాన్యువల్ చెబుతుంది. ఆ బుల్లెట్, ఆ మందు, ఆ తొడుగు అన్నీ కలిసి సరిపోయే పేజీ చూసి, రెండు పుస్తకాల్లో సరిచూసుకుని, అందులో ఇచ్చిన అతి తక్కువ తూకంతో మొదలెట్టాలి. కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రైమర్ చదునవుతోందా, రైఫిల్ వెనక మూసే గడియ, అంటే బోల్ట్, ఎత్తడం బరువవుతోందా అని చూసుకోవాలి. ఒత్తిడి ఎక్కువైందనే అలాంటి గుర్తు ఏది కనిపించినా ఆగిపోవాలి. పుస్తకంలో ఉన్న పైహద్దు దాటే ఆలోచనే వద్దు. వేగం కోసం దాటేవాళ్లున్నారు. గురి కోసం వచ్చినవాడికి ఆ వేగంతో పనే లేదు. తేడా లేకుండా యాభై తూటాలు ఒక్కలా రావాలి, అంతే. కొన్న తూటాలు నా రైఫిల్‌లో సెకనుకు అరవై డెబ్బై అడుగుల తేడాతో వెళ్లేవి. నేను చేసుకున్నవి ఇప్పుడు పాతిక లోపు ఉంటున్నాయి. 100 గజాల దగ్గర ఆ తేడా అంతగా తెలియదు. 600 గజాలకు వెళ్లేసరికి కాగితం మీద పైకీ కిందికీ చెదిరి కనిపిస్తుంది.

తూకం గ్రెయిన్లలో ఉంటుంది. పౌండుకు 7,000 గ్రెయిన్లు. మొదట్లో ఆ లెక్క నాకు ఎక్కేది కాదు. ఒక రాత్రి బేస్‌మెంట్‌లో కూర్చుని కాలిక్యులేటర్‌తో ఏవో లెక్కలు వేస్తుంటే హఠాత్తుగా తట్టింది, 180 గ్రెయిన్లు అంటే సరిగ్గా మన పాత తులం. 11.66 గ్రాములు. తులానికి 96 గురిగింజల ఎత్తు, కాబట్టి గురిగింజ రెండు గ్రెయిన్ల కంటే కొంచెం తక్కువ. నేను వాడే బుల్లెట్ 168 గ్రెయిన్లు, అంటే తులానికి కాస్త తక్కువ. ఒక్కసారిగా వైజాగ్‌లో బంగారం కొట్లుండే కురుపాం మార్కెట్ కళ్లముందు కదిలింది. అమ్మ పుస్తెలతాడు తూచుతుంటే ఫ్యాను ఆపేసి ఊపిరి బిగపట్టి చూసిన ఆ చిన్న త్రాసు. ఆ రోజు నుంచి గ్రెయిన్ నాకు పరాయి లెక్క కాలేదు. నేనూ తూచేటప్పుడు హీటర్ ఫ్యాను ఆపేస్తాను. త్రాసుకు గాలి తగిలితే గ్రెయిన్‌లో పదో వంతు అటూ ఇటూ అవుతుంది. పదో వంతంటే ఆరున్నర మిల్లీగ్రాములు.

యాభై తొడుగుల్లోనూ మందు పోశాక, బుల్లెట్లు పెట్టే ముందు టార్చి వేసి అన్నింట్లో మట్టం ఒక్కలా ఉందో లేదో చూస్తాను. ఖాళీగా ఉండిపోయిన తొడుగు చాలా ప్రమాదం. ప్రైమర్ దెబ్బకే బుల్లెట్ బయలుదేరి బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోవచ్చు. అది తెలియక వెనకాలే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మావయ్యకు కూడా చెప్పాను.

తొడుగు మూతి వైపు సన్నబడే చోటును భుజం అంటారు. సైజింగ్ డై ఆ భుజాన్ని వెనక్కి నెడుతుంది. నాది బోల్ట్ రైఫిల్ కాబట్టి రెండు థౌ నెడితే చాలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, రెండు కలిపి 0.05 మిల్లీమీటర్లు. నేను డైని, తొడుగు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్‌కు తగిలేదాకా దించి, ఇంకో పావు చుట్టు బిగించి వదిలేశాను. భుజం ఎంత వెనక్కి పోయిందో కొలవలేదు. నాలుగోసారి కాల్చాక తొడుగుల అడుగు భాగానికి కాస్త పైన సన్నగా మెరిసే ఉంగరం కనిపించింది. తీగ కొన వంచి లోపల గీసి చూస్తే గాడి తగిలింది. కొలిస్తే భుజం ఎనిమిది థౌ వెనక్కి పోతోంది. కాల్చిన ప్రతిసారీ తొడుగు ఆ ఖాళీ నింపడానికి సాగుతోంది, గోడ అక్కడే పలచబడుతోంది. ఇంకో రెండుసార్లు కాల్చి ఉంటే అక్కడే తెగి, వేడి వాయువు నా మొహం వైపు వచ్చేదేమో. యాభై తొడుగులూ నలగ్గొట్టి స్క్రాప్‌లో వేశాను.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. "కొలవకుండా డై బిగించావా? నా షాపులో పెరిగినోడివి కదరా" అన్నాడు. తిట్టి ఉంటే ఇంత బాధ అనిపించేది కాదు.

ఆ తర్వాత భుజం ఎక్కడుందో కొలిచే కంపారేటర్ కొన్నాను. మార్చదలచుకున్నవి ఒక్కసారికి ఒక్కటే మార్చాను. మందు కుదిరాక బుల్లెట్ లోతు, అది కుదిరాక మిగతావి. కాగితం మీద మూడు తూటాల రంధ్రాలు దగ్గరగా పడిన గుంపు చూసి సంబరపడటం మానేశాను. ఐదేసి చొప్పున కనీసం మూడు గుంపులు కాల్చి అప్పుడు రాసుకుంటాను. మంచి గుంపు ఒక్కటి ఎవరికైనా పడుతుంది. డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం కోణం అంటారు. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు. కొన్న తూటాలతో నా గుంపు ఒకటిన్నర దాటేది. ఇప్పుడు ఐదు తూటాలూ ఆ నిమిషం లోపల పడుతున్నాయి. మొదటిసారి అలా పడిన కాగితాన్ని పెద్దాయనకు చూపించాను. జేబులోంచి వెర్నియర్ తీసి కొలిచాడు. వెనక్కిచ్చి, తేదీ రాయమన్నాడు.

"మరి ఇక్కడ చేసుకోవచ్చా?" మావయ్య కళ్లల్లో ఆశ చూసి నాకు బాధేసింది. ఆయన చేతులకు ఆ పని ఎంత బాగా కుదిరేదో! కానీ కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. తయారీ దాకా ఎందుకు, అక్కడి నుంచి వచ్చేవాళ్లు సంచి అడుగున మర్చిపోయిన ఒక్క తూటా స్కానర్‌లో కనిపించినా ఎయిర్‌పోర్టులో కేసు పెడతారు. రేంజ్‌కి తీసుకెళ్లే సంచిని నేను ప్రయాణానికి ఎప్పుడూ వాడను. వైజాగ్ బయలుదేరే ముందు ప్యాంటు జేబులు కూడా తిరగేసి చూస్తాను. దయచేసి మీరూ చూడండి.

మా తమ్ముడి కూతురికి పదిహేనేళ్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. అందులో మందు లేదు, గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్ వెళ్తుంది. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. సాయంత్రం షాపుకి వచ్చి మా మాటలు విన్నది. "పెదనాన్నా, నా పెల్లెట్లు కూడా తూచొచ్చా?"

తూచొచ్చు. పెద్ద షూటర్లయితే రకరకాల బ్యాచులు కాల్చి చూసి తమ రైఫిల్‌కు నప్పేది ఎంచుకుంటారు. దాంతో పోలిస్తే తూకం చిన్న సంగతి. అయినా మర్నాడు ముగ్గురం కురుపాం మార్కెట్‌లో మావయ్యకు తెలిసిన కంసాలి దగ్గరకు వెళ్లాం. డబ్బా మీద 0.53 గ్రాములని ఉంది. ఆయన ఫ్యాను ఆపాడు. పాప పట్టకారుతో ఒక్కొక్కటే పెట్టింది. 0.531. 0.529. 0.530. నలభయ్యో దాని దగ్గర ఆగింది.

"ఇది 0.517 పెదనాన్నా."

"తీసి మళ్లీ పెట్టమ్మా," అన్నాడు మావయ్య వెనక నుంచి.

తీసి, అంకె సున్నాకి వచ్చేదాకా ఆగి, మళ్లీ పెట్టింది. 0.517. దాన్ని విడిగా మూతలో వేసి, నోటు పుస్తకంలో రాసుకుంది.