బీటిల్ ఆయిల్ కాగిపోతుంటే: కూలర్ కొనే ముందు చూడాల్సినవి

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1600 ఇంజిన్‌లో పట్టేది రెండున్నర లీటర్ల ఆయిలే. నీళ్లు లేని ఇంజిన్ కాబట్టి వేడిని మోసుకెళ్లే పనిలో ఆ ఆయిల్‌కి పెద్ద వాటా ఉంది. హైవే మీద 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే కంగారు అక్కర్లేదు. 120 దాటి అక్కడే నిలబడిపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. వెంటనే ఎక్స్‌ట్రా ఆయిల్ కూలర్ బిగించేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చివరికి ఉంచండి. ఆయిల్ చల్లబడి మీటర్ బాగానే చూపిస్తుంది, హెడ్లు (సిలిండర్ల పైమూతలు) మాత్రం లోపల మాడుతూనే ఉంటాయి.

ముందు మీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. ఆయిల్ వేడిని పసిగట్టి మీటర్‌కి చెప్పే సెండర్ విప్పి, దాని వైరు కలిపే ఉంచి, సెండర్ బాడీకి ఇంకో వైరుతో ఎర్త్ ఇచ్చి మరుగుతున్న నీళ్లలో పెట్టండి. ముల్లు 100 దగ్గర ఆగాలి. 115 చూపిస్తే మీ సమస్య మీటరే.

తర్వాత టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడాలన్న లెక్క. 009 డిస్ట్రిబ్యూటర్ (వాక్యూమ్ లేని రకం) ఉంటే 3500 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్, అంటే స్పార్క్ ముందుగా పడే కోణం, 28 నుంచి 32 డిగ్రీలు రావాలి. వాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్‌కి దాని మాన్యువల్ లెక్కే పాటించాలి. వాల్వ్ గ్యాప్ ఇంజిన్ పూర్తిగా చల్లారాక 0.15 మిల్లీమీటర్లు. ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు తీసుకెళ్లే మానిఫోల్డ్ దగ్గర గాలి లీకయి ఆ మిక్స్చర్ పలచబడినా వేడెక్కుతుంది.

అసలు దొంగ ఎక్కువసార్లు రేకుల దగ్గర దొరుకుతాడు. ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులు అందానికి పెట్టినవి కావు. పైన చల్లగాలి, కింద సైలెన్సర్ వేడి, ఈ రెండూ కలవకుండా ఉండే గోడ అది. చుట్టూ రబ్బరు సీల్ చిరిగినా, ప్లగ్ క్యాప్‌ల రబ్బరు రింగులు పోయినా గోడకి కన్నం పడ్డట్టే. హీటర్ గొట్టాలు తీసేసి ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) రంధ్రాలు మూయకుండా వదిలేస్తే, ఫ్యాన్ తోసిన గాలి సిలిండర్లకి చేరకుండా బయటికి పోతుంది. 1971 నుంచి ఇంజిన్‌తో వచ్చే ఆయిల్ కూలర్‌ని ష్రౌడ్ వెనక విడి గదిలో పెట్టారు. అందులోంచి వచ్చే వేడిగాలిని కిందికి పంపే చిన్న రేకు రిపేర్లలో తరచూ మాయమవుతుంది. అది లేకపోతే ఆ వేడిగాలినే ఫ్యాన్ మళ్లీ పీలుస్తుంది. ష్రౌడ్ విప్పినప్పుడు కూలర్ రెక్కలూ చూడండి. ఆయిల్ జిడ్డు, దుమ్ము కలిసి గట్టిపడితే అందులోంచి గాలి పోదు. ఎలుక గూడు, మర్చిపోయిన గుడ్డపీలికా అక్కడే దొరుకుతాయి.

ఫ్యాన్ బెల్ట్ బొటనవేలితో నొక్కితే 15 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే వదులైతే ఫ్యాన్ పుల్లీ రెండు సగాల మధ్య ఉన్న వాషర్ ఒకటి తీసి బయట పెట్టాలి. స్పీడు కోసమని చిన్న క్రాంక్ పుల్లీ వేయించి ఉంటే, ఫ్యాన్ నెమ్మదించడానికి అదే కారణం. మే నెల విజయవాడ ఎండలో అలాంటి పుల్లీ వాడకండి.

గాలి సరిగ్గా ఉన్నా వేడి తగ్గకపోతే కింద పుల్లీ వైపు రిలీఫ్ వాల్వ్ (ఆయిల్ ఒత్తిడిని అదుపు చేసేది) చూడాలి. పెద్ద స్క్రూడ్రైవర్‌తో ప్లగ్ విప్పితే స్ప్రింగ్, దాని వెనక ప్లంజర్ (జారే చిన్న పిస్టన్) వస్తాయి. చల్లటి చిక్కటి ఆయిల్ ఒత్తిడికి ఈ ప్లంజర్ దిగి, ఆయిల్‌ని కూలర్‌కి పంపకుండా నేరుగా బేరింగులకి వదులుతుంది. వేడెక్కాక పైకి రావాలి. గీత పడి కిందే ఇరుక్కుంటే ఆయిల్ కూలర్ ముఖమే చూడదు, పైగా ప్రెషరూ పడిపోతుంది. అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోసినా అది కూలర్‌కి వెళ్లదు. ప్లంజర్ చేతికి రాకపోతే 10 మిల్లీమీటర్ల ట్యాప్‌ని దాని గుంటలో మెల్లగా తిప్పి లాగండి. సన్నటి ఎమెరీ పేపర్‌తో గీతలు తీసి, ఆయిల్ రాసి పెడితే తన బరువుకే జారాలి. పాత స్ప్రింగ్‌ని సాగదీసి మళ్లీ వేయొద్దు, కొత్తది వేయండి.

దారిలో ముల్లు పైకి పోతుంటే ఘాట్ ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌లో ఈడ్చకండి. మూడోకి దించితే ఫ్యాన్ వేగం పెరుగుతుంది. బండి ఆపాక కూడా ఇంజిన్‌ని రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, ఫ్యాన్ తిరిగినంతసేపే ఈ ఇంజిన్‌కి గాలి.