కారణం అడగని విడాకులు: ఇంగ్లండ్‌లో నా అనుభవం

మా పెళ్లి గుంటూరులో, కాపురం రెడింగ్‌లో. విడిపోదామని ఇద్దరం అనుకున్నాక నా టెన్షనల్లా ఒకటే, కోర్టుకి ఏం కారణం చెప్పాలి? ఆయన కొట్టలేదు, తాగలేదు, ఇంకొకరితో తిరగలేదు. ఇంటి నుంచి ఫోన్ చేసిన ప్రతి పిన్నీ "అసలేం జరిగిందే?" అనే అడుగుతోంది.

తీరా ఆన్‌లైన్‌లో అప్లికేషన్ తెరిస్తే ఆ ప్రశ్నే లేదు! ఈ పెళ్లి ఇక బాగుపడదని టిక్ పెడితే చాలు, కోర్టుకి ఆ మాటే సాక్ష్యం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంతే. అంతకుముందైతే వ్యభిచారమో, భరించలేని ప్రవర్తనో, వదిలేసి వెళ్లిపోవడమో చూపించాలి, అవేవీ లేకపోతే ఇద్దరికీ ఇష్టమైతే రెండేళ్లు, ఒకరు ఒప్పుకోకపోతే ఐదేళ్లు విడిగా ఉండాలి. టీనీ ఓవెన్స్ అనే ఆవిడ భర్త ససేమిరా అంటే, 2018లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా ఆవిడకి విడాకులివ్వలేకపోయింది.

నన్ను విసిగించింది పేర్ల గొడవ. పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో మొత్తం పేరు. సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టు రాసి, తేడా ఎందుకొచ్చిందో వివరించాలి. నేను కట్టినప్పుడు ఫీజు 593 పౌండ్లు. అప్లికేషన్ నమోదయ్యాక 20 వారాలు ఆగితే గానీ కండిషనల్ ఆర్డర్ (విడాకులకి అడ్డేమీ లేదని కోర్టు ఇచ్చే తొలి ఆర్డర్) అడగనివ్వరు, అది వచ్చాక ఇంకో ఆరు వారాల ఒక రోజుకి, పెళ్లిని పూర్తిగా రద్దు చేసే ఫైనల్ ఆర్డర్ అడగొచ్చు.

ఒక్కరే వేయొచ్చు, కానీ మేం కలిసి వేశాం. ఎందుకంటే మనది హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి, అందులో "ఇక కుదరదు" అన్నది ఒక కారణంగా లేదు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన అమెరికాలో తెచ్చుకున్న విడాకులు చెల్లవని మన సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, వై. నరసింహారావు కేసు. రెండోవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే సంగతి వేరు. అందుకే మా ఇద్దరి సమ్మతీ కాగితం మీద కనబడాలనుకున్నాం. ఇండియాలో మళ్లీ పెళ్లి ఆలోచన ఉన్నవాళ్లు ముందే అక్కడి లాయర్‌ని కూడా అడగండి, ఇక్కడి ఆర్డర్ ఒక్కటే చూసుకుని ధీమాగా ఉండొద్దు.

ఇంకోటి, ఫైనల్ ఆర్డర్‌తో డబ్బు లెక్కలు తెగవు. దానికి కన్సెంట్ ఆర్డర్ (ఇద్దరూ ఒప్పుకున్న పంపకాలని కోర్టు ఖాయం చేసే ఆర్డర్) వేరే వేయాలి, గుంటూరులో ఉన్న స్థలం కూడా అందులో చూపించాల్సిందే. మేం అది చేతికొచ్చాకే ఫైనల్ ఆర్డర్ అడిగాం.