మంద మగగుర్రానిదని ఎవరన్నారు?

టీవీలో అడవి గుర్రాల కార్యక్రమం వచ్చినప్పుడల్లా వ్యాఖ్యాత ఒకే పాట అందుకుంటాడు. ముందు జూలు విదిలిస్తూ ఒక మగగుర్రం, వెనక నాలుగైదు ఆడగుర్రాలు, ఇదంతా రాజుగారి అంతఃపురమట. ఉద్యోగమంతా గేదెలతో, ఒంగోలు ఆవులతో గడిపి ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో కాలు చాపుకున్న పశువైద్యుణ్ణి నేను. నాకు ఆ మాట వింటే చిరాకు. ఆ అంతఃపురంలో ఎవరు ఎవరిని ఎంచుకున్నారో ఆ కెమెరా ఎప్పుడూ చూపించదు.

విడిగా తిరిగే గుర్రాలు ఏడాది పొడవునా చిన్న కుటుంబాలుగా ఉంటాయి. మగగుర్రం తల నేలబారుగా దించి, చెవులు వెనక్కి అణిచి ఆడవాటిని ఒకచోటికి తోలుకొస్తుంది, నిజమే. పోటీకి వచ్చిన మగవాటితో కొట్లాడుతుంది, అదీ నిజమే. కానీ దాని వెంట ఉండాలో, పక్క గుంపులోకి మారాలో చాలాసార్లు తేల్చుకునేది ఆడగుర్రమే. పుట్టిన ఆడపిల్లలు రెండు మూడేళ్ళ వయసులో తండ్రి గుంపు వదిలి తామే బయటికి పోతాయి. అమెరికాలో ఆన్ బౌలింగ్, రాబర్ట్ టచ్‌బెర్రీ 1990లో ప్రచురించిన పరిశోధనలో నెవాడా ప్రాంతపు అడవి గుర్రాల రక్తపరీక్షలు చేసి చూస్తే, పిల్లల్లో దాదాపు మూడోవంతుకు గుంపు పెద్ద తండ్రి కాదని తేలింది. రాజుగారు కాపలా కాస్తూనే ఉన్నారు పాపం.

న్యూజిలాండ్‌లోని కైమనావా కొండల గుర్రాల మీద 2009లో వచ్చిన పరిశోధన నాకు ఇంకా నచ్చింది. ఒకదానికొకటి బంధుత్వం లేని ఆడగుర్రాలు గట్టి స్నేహం కట్టుకుంటే, వాటిని మగగుర్రం వేధించడం తగ్గింది, ఈతలు పెరిగాయి, పిల్లలు ఎక్కువ బతికాయి. అంటే ఆడగుర్రం మగవాణ్ణి మాత్రమే కాదు, తోటి ఆడవాళ్ళను కూడా ఎంచుకుంటోంది. మా ఆవిడ ఇది చదివి, "ఇందులో పరిశోధన చేయడానికి ఏముంది?" అంది.

గేదె ఎదకు, గుర్రం ఎదకు పోలికే లేదు. గేదెకు ఎద మామూలుగా ఒక్క రోజే. అందులోనూ చాలావరకు బయటికి కనబడని మూగ ఎదలు. రైతు కనిపెట్టే లోపు అయిపోతుంది. గుర్రం అలా కాదు. 21 రోజులకోసారి ఎదకు వచ్చి అయిదు నుంచి ఏడు రోజులు అందులోనే ఉంటుంది. అండం విడుదలయ్యేది మాత్రం చివరి ఒకటి రెండు రోజుల్లో. మొదటి రోజుల్లో అది మగగుర్రాన్ని దగ్గరికి రానిస్తుంది, వాసన చూడనిస్తుంది, అంతలోనే కీచుమని అరిచి కాలు విసురుతుంది. మగగుర్రం దాని మూత్రం వాసన చూసి, తల ఎత్తి, పై పెదవి మడిచి నిలబడిపోతుంది, చూసేవాళ్ళు నవ్విందనుకుంటారు. ముక్కులోపల ఉన్న వేరే ఇంద్రియానికి ఆ వాసనను అందించే పని అది. తోడు కోరుకున్న రోజున ఆడగుర్రమే నడిచి వెళ్ళి మగగుర్రం ముందు తోక పక్కకు తొలగించి, వెనక కాళ్ళు ఎడం చేసి, కొంచెం కొంచెంగా మూత్రం వదులుతూ నిలబడుతుంది. విడిగా తిరిగే గుర్రాల్లో ఫలించిన జతలు ఎక్కువగా ఇలా ఆడగుర్రం చొరవతో మొదలైనవే.

ఇదంతా మళ్ళీ తిరగేయడానికి కారణం విజయవాడ వన్‌టౌన్‌లో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు, బగ్గీలు అద్దెకిచ్చే ఒక కుర్రవాడు. వాళ్ళ నాన్న జట్కా తోలేవాడు, నాకు అప్పటి నుంచి తెలుసు. ఇతని దగ్గర నుక్రా అనే మంచి తెల్ల ఆడగుర్రం ఉంది, పెళ్ళికొడుకు బెదిరినా తాను బెదరదు. దాన్ని మినీ లారీలో ఎక్కించి మంగళగిరి దగ్గర ఒకరి మగగుర్రానికి కట్టించబోయాడు. లారీ దింపిన గంటలోనే ముందరి కాళ్ళకు బంధం వేసి, పై పెదవికి తాడు బిగించి మెలిపెట్టి నిలబెట్టారు. గుర్రం మగదాని రొమ్ము మీద తన్నింది. దానికేదో లోపం ఉందని నాకు ఫోను.

"ముహూర్తం దాటిపోతోంది డాక్టరుగారూ, మత్తు ఇంజెక్షను ఏదైనా వేయండి" అన్నాడు.

"మత్తు కాదు బాబూ, దానికి రెండు రోజులు టైమివ్వు" అన్నాను.

వెళ్ళి చెయ్యి పెట్టి చూస్తే అండకోశంలో అండం పెరిగే బుడగ ఇంకా చిన్నదిగా, గట్టిగా ఉంది. రోగం లేదు, సమయం కాలేదు, అంతే. మధ్యలో ఒక కర్రల దడి కట్టించి రెంటినీ చెరోపక్క ఉంచమన్నాను. తాళ్ళు విప్పించాను. కొద్ది రోజులకు ఆ నుక్రా తానే దడి దగ్గరికి పోయి తోక పక్కకు పెట్టి నిలబడుతోందని అతనే ఫోను చేశాడు. మగగుర్రం ఈసారి తన్నులు తినలేదు.

అతని లెక్క మరోటి ఉంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి అప్పుడు కట్టిస్తే పని పోదని. బాగానే ఉంది కానీ గుర్రం మోసేది పదకొండు నెలలకు పైగా, సుమారు 340 రోజులు. ఆషాఢంలో కడితే ఈనేది మరుసటి జ్యేష్ఠంలో. అంటే నిండు చూడితో ఉండేది సరిగ్గా మాఘం నుంచి వైశాఖం దాకా, ముహూర్తాలన్నీ ఉన్న నెలల్లో. ఈ మాట చెప్పగానే అతని ముఖం మాడిపోయింది. గుర్రం పొద్దు పెరిగే కాలంలో ఎదకు వచ్చే జంతువు, మన గేదెకు సరిగ్గా ఎదురు. గేదె పొద్దు తగ్గే చలికాలంలో బాగా ఎదకు వస్తుంది. మన గుంటూరులో ఏడాదిలో అతి పొడుగు పగటికి, అతి పొట్టి పగటికి రెండు గంటలే తేడా కాబట్టి ఇక్కడి గుర్రాలకు ఆ పట్టింపు తక్కువ. ఇంగ్లండులో అయితే తేడా తొమ్మిది గంటలు. అక్కడ పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు లెక్క. పిల్ల ఆ తేదీ దాటాక వీలైనంత తొందరగా పుట్టాలని డిసెంబరు నుంచే కొట్టాల్లో దీపాలు పెట్టి, రోజుకు 16 గంటల వెలుగు చూపించి, వసంతం వచ్చేసిందని ఆడగుర్రాలను నమ్మిస్తారు. థరోబ్రెడ్ అనే ఆ పందెపు జాతిలో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు, నేరుగా కట్టించాల్సిందే. ఇంత చేసి, ఏ మగగుర్రమన్నది మాత్రం వంశావళి చూసి యజమాని తేలుస్తాడు.

మనవాళ్ళ గుర్రాల కథ వేరు. పూర్వం దక్షిణాది రాజులు అరబ్బు, పారశీక గుర్రాలను ఓడల్లో తెప్పించుకునేవారు. మన మోటుపల్లి రేవు సంగతి రాసిన మార్కో పోలోనే, తమిళ తీరంలో మేలుజాతి జంటకు కూడా వంకర కాళ్ళ పిల్లలే పుడతాయని రాశాడు. అదే మనిషి అక్కడ గుర్రాలకు అన్నం, మాంసం ఉడికించి పెడతారని కూడా రాశాడు. మేత అలా ఉంటే మన నేల గుర్రాలకు పనికిరాదనడం ఎందుకు?

స్విట్జర్లాండులో డొమినిక్ బర్గర్, క్లాస్ వెడెకిండ్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం చూసినప్పుడు నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎదలో ఉన్న ఆడగుర్రం దగ్గర ఒక మగగుర్రాన్ని ఉంచారు. కొన్నిటికి తమ రోగనిరోధక జన్యువులకు దగ్గరగా ఉన్నది, కొన్నిటికి దూరంగా ఉన్నది. తరవాత వీర్యం సూదితో వేశారు, అదీ వేరే గుర్రాలది. తమకు భిన్నమైన జన్యువులున్న మగగుర్రాన్ని కలిసినవాటికే చూలు ఎక్కువగా నిలిచింది. దడి పక్కన ఎవరు నిలబడ్డారన్నది కూడా గర్భసంచికి తెలుస్తోందన్నమాట. నలభై ఏళ్ళు గేదెలకు సూదులు వేసినవాడికి ఇది మింగుడుపడే సంగతి కాదు.

చెక్ దేశంలో లుదెక్ బార్టోష్ బృందం 2011లో చెప్పింది ఇంకా ఘాటైనది. ఆడగుర్రాన్ని పరాయి ఊరు తీసుకెళ్ళి కట్టించి, మళ్ళీ సొంత కొట్టానికి తెస్తే, అక్కడి మగగుర్రాలున్నచోట చూలు పోవడం ఎక్కువైంది. ఇంటి మగగుర్రంతో ఒకే దొడ్డిలో వదిలితే ఆడగుర్రం తానే దానితో జతకట్టి, పుట్టబోయే పిల్ల ఎవరిదో తేలకుండా చేసేది. ఆ వీలు లేకుండా మగది పక్క దొడ్డిలో ఉంటేనే గర్భస్రావాలు మరీ ఎక్కువ. మగగుర్రాలు తమవి కాని పిల్లల మీద పడి చంపిన సందర్భాలున్నాయి. పదకొండు నెలలు మోసి పోగొట్టుకోవడం కన్నా ముందే వదులుకోవడం నయమని ఆ శరీరం లెక్కగడుతోందని వాళ్ళ అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది.

వన్‌టౌన్ కొట్టంలో బగ్గీ లాగే మగగుర్రం ఒకటుంది, నుక్రా పక్క గుంజకే కడతారు. చూలు గట్టిపడేదాకా దాన్ని కంటికి, ముక్కుకు దూరంగా పంపమన్నాను. పదిహేను రోజుల తరవాత స్కానింగు కూడా చేయించమన్నాను; కవలలుంటే గుర్రానికి చాలా ప్రమాదం, తొలి రోజుల్లోనే ఒకదాన్ని తీసేయాలి. "షెడ్డు ఒక్కటే కదా డాక్టరుగారూ" అని గొణిగాడు గానీ, మగగుర్రాన్ని గొల్లపూడిలో బావమరిది ఇంటికి తోలాడు. దాణా ఖర్చు ఎవరిదన్న దాని మీద ఇద్దరికీ ఇప్పుడు మాటల్లేవట.