‘కరిష్యే’ అనే ముందు

పూజలో చాలామంది గబగబా దాటేసే భాగం సంకల్పం. ఆచమనం, ప్రాణాయామం అయ్యాక అయ్యవారు చదువుకుపోతుంటే, గోత్రం, పేర్లు అడిగినప్పుడు మాత్రమే తలెత్తుతాం. కానీ ఎందుకు కూర్చున్నామో మన నోటితో మనం చెప్పుకోవాల్సిన చోటు అదే.

ఫోన్‌లో వీడియో పెట్టుకుని పూజ చేసుకునే విశాఖ ఇళ్లలో ఇక్కడే ఒక పొరపాటు దొర్లుతుంది. విజయవాడ వైపు వాళ్లు చదివిన సంకల్పంలో ‘కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే’ అని వస్తుంది. మనం గోదావరికి ఇవతల ఉన్నాం. ‘శ్రీశైలస్య ఈశాన్యప్రదేశే, గంగా గోదావర్యోర్మధ్యదేశే’ అనాలి. తప్పు చెబితే స్వామి అలుగుతాడని కాదు. ఎక్కడ నిలబడ్డామో తెలియకుండా ఎటు వెళ్లాలో చెప్పలేం కదా! శ్వేతవరాహకల్పం అనే సుదీర్ఘ కాలఖండంతో మొదలై మన్వంతరం, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాకా దిగి, పీట మీద కూర్చున్న మనిషి పేరు దగ్గరికి వస్తుంది సంకల్పం.

భగవద్గీత రెండో అధ్యాయం 41వ శ్లోకం చెప్పేదీ ఈ కుదురు గురించే.

వ్యవసాయాత్మికా బుద్ధిరేకేహ కురునందన
బహుశాఖా హ్యనంతాశ్చ బుద్ధయోఽవ్యవసాయినామ్

నిశ్చయమున్న బుద్ధి ఒక్కటే. నిశ్చయం లేనివాళ్ల ఆలోచనలకు కొమ్మలెన్నో, వాటికి అంతే లేదు. మనం సేద్యానికి వాడుకునే ‘వ్యవసాయం’ అనే మాటకు సంస్కృతంలో గట్టి పూనిక అని అర్థం. ‘యజమాని’ మాటా అలాగే మారింది. ఆస్తి గలవాడు, జీతమిచ్చేవాడు అనుకుంటున్నాం గానీ, మొదట ఆ మాట యజ్ఞం తన కోసం తలపెట్టి, సంకల్పం చెప్పుకున్నవాడిది. మంత్రం పురోహితుడు అందిస్తాడు, పూనిక మాత్రం యజమానిదే. ఆఫీసులో పదిమందిని నడిపేవారికైనా, ఇల్లు నడిపే ఇల్లాలికైనా ఇదే వర్తిస్తుంది. పని పంచి ఇవ్వొచ్చు, ఎందుకు చేస్తున్నామో చెప్పే బాధ్యత పంచి ఇవ్వలేం.

సంకల్పంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి చివరి మాటలు: ‘సంభవద్భిరుపచారైః, సంభవతా నియమేన, యావచ్ఛక్తి’. అంటే వీలైన ఉపచారాలతో, పాటించగలిగిన నియమంతో, శక్తి ఉన్నంత మేరకు. కోరిక చెప్పిన నోటితోనే హద్దు కూడా చెప్పిస్తున్నారు పెద్దలు.

ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం గిరిప్రదక్షిణలో ఈ మాట బరువు తెలుస్తుంది. కొండ దిగువన ఉన్న తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరేటప్పుడు అందరిదీ ఒకే ఉత్సాహం. దారి 32 కిలోమీటర్లు. పక్కవాళ్లు వెళ్తున్నారని లేచినవాళ్లకి అప్పుఘర్‌లో సముద్రం కనిపించేసరికి కాళ్లు బరువెక్కి, ఆటో ఎక్కుదామా వద్దా అన్న తగువు మొదలవుతుంది. కొమ్మలు లేచేది అక్కడే. ఒంట్లో బాగోలేక, కొండ చుట్టూ తిరగలేనని ముందే ఎరిగి ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసుకున్న పెద్దావిడకి ఆ తగువు ఉండదు. ఆమె నియమం చిన్నది, సంకల్పం మాత్రం నిండుది.

సంకల్పంలో ఆఖరి మాట ‘కరిష్యే’, ‘చేస్తాను’ అని. అది ఆత్మనేపదం, అంటే ఫలం తనకే చెందేలా చేసేవాడు వాడే రూపం. ఇతరుల కోసం చేసేటప్పుడు ‘కరిష్యామి’ అంటారు. ‘చేద్దాం’, ‘చూద్దాం’ అన్న మాటలకి అక్కడ చోటే లేదు. ఆ మాట అన్నాక నీళ్లు తాకుతాం, లేదా అక్షతలతో కలిపి పళ్లెంలో విడిచిపెడతాం. వేళ్ల సందుల్లోంచి జారిన నీళ్లు మళ్లీ ఏరుకోలేం.

ఇంట్లో గానీ ఆఫీసులో గానీ కొత్త పని ఎత్తుకునేటప్పుడు ఈ వరుసే పట్టుకోవచ్చు: ఎక్కడ, ఎప్పటిలోగా, ఎవరు, ఎవరి కోసం, ఏ ఒక్క ఫలం, చేతిలో ఏముంది, ఎంతవరకు. సంస్కృతం రాకపోతే ఏం? ఉదాహరణకి, అపార్ట్‌మెంట్ సంఘం బాధ్యత తీసుకున్నవారు దీపం ముందు కూర్చుని, గుక్కెడు నీళ్లు అరచేతిలో పోసుకుని ఇలా చెప్పుకోవచ్చు: “మధురవాడలో ఉన్న మా అపార్ట్‌మెంట్‌లో, వచ్చే సంక్రాంతిలోగా, ఇరవై కుటుంబాలకు నీళ్ల ఎద్దడి తీరడానికి, ఇప్పుడున్న డబ్బుతో, అప్పు చేయకుండా, ఇంకుడు గుంత తవ్విస్తాను.”