స్టీలు పళ్ళెంలో విరిగిన ముక్కలు

పానా చేతిలో ఒక్కసారిగా తేలికైపోయింది. అంతసేపూ మొండికేసిన బోల్ట్ కదిలిందనుకుని నాన్న వైపు చూసి నవ్వాను కూడా. బయటికి తీసి చూస్తే సాకెట్‌లో బోల్ట్ తల ఒక్కటే ఉంది. కాడ మా కారు ఇంజిన్ మీదున్న థర్మోస్టాట్ హౌసింగ్‌లోనే, అంటే థర్మోస్టాట్ కూర్చునే తొడుగులోనే ఉండిపోయింది.

మాది 2006 మోడల్, మూడు సిలిండర్ల పెట్రోల్ కారు. విజయవాడ పటమటలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది. రోహిణి కార్తెలో రెండుసార్లు ఉయ్యూరు వెళ్లొచ్చేసరికి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, మట్టం తగ్గింది. ఇంజిన్ వేడిని బట్టి ఆ ద్రవం దారి తెరిచి మూసేదే థర్మోస్టాట్. థర్మోస్టాట్ మూత అంచున తెల్లటి చారలు కట్టాయి. మూత కింద కారకుండా ఉండే గాస్కెట్ పోయిందని తెలిసిపోయింది. గాస్కెట్టూ థర్మోస్టాటూ కొత్తవి తెచ్చుకుని, ఆదివారం పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాను. కూలెంట్‌ని బేసిన్‌లోకి దింపి వెంటనే మూతపెట్టాను. అది తియ్యగా ఉంటుంది, విషం. మా వీధిలో కుక్కలున్నాయి, అందుకని ఆ పని మాత్రం ఎప్పుడూ మర్చిపోను.

హౌసింగ్ అల్యూమినియం, బోల్ట్ ఇనుము. ఏళ్ల తరబడి ఆ రెంటి మధ్యకి కూలెంట్ ఊరితే తెల్లటి పొడి పుట్టి మరల్లో సిమెంటులా బిగుసుకుంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాల్సింది. కొంచెం బిగించి, కొంచెం వదిలి, అటూ ఇటూ ఆడించాల్సింది. మొదటి బోల్ట్ సులువుగా వచ్చేసరికి రెండోదాన్నీ అదే ఊపులో లాగేశాను. తప్పు నాదే.

అక్కడితో పని ఆపి, విరిగినవన్నీ ఒకచోట పెడదామని అమ్మనడిగి స్టీలు పళ్ళెం తెచ్చుకున్నాను. బోల్ట్ తల పెట్టాను. టెంపరేచర్ సెన్సర్‌కి వైరు తగిలించే కనెక్టర్ లాక్ కూడా విప్పేటప్పుడు పుటుక్కుమంది. ఏళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా అయిపోయింది. దాని ముక్కలు రెండు ఏరి, పగిలిన గాజును అతికించి చూసినట్టు పళ్ళెంలో పక్కపక్కన పేర్చాను. చింతగింజలో సగమంత మూల ఒకటి లేదు.

గుండె ఝల్లుమంది. అంతకుముందే ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసి పక్కన పెట్టాను. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి, థ్రాటిల్, దాని నోరు తెరిచే ఉంది, ఒక గుడ్డైనా కుక్కలేదు. ఆ ముక్క అందులో పడితే థ్రాటిల్ రేకు దగ్గర ఇరుక్కోవచ్చు, లోపలికి పోయి వాల్వ్ కింద చిక్కుకోవచ్చు. ప్లాస్టిక్ కాబట్టి అయస్కాంతానికీ దొరకదు.

“పోనీలే అమ్మడూ, కిందెక్కడో పడుంటుంది. బిగించేయ్,” అన్నారు నాన్న.

“లేదు నాన్నా, దొరికేదాకా బిగించను,” అన్నాను.

యాక్సిలరేటర్ జోలికి ఎవరూ పోవద్దని చెప్పి ముందు థ్రాటిల్‌లోకి టార్చి వేసి చూశాను. రేకు మూసే ఉంది, దాని మీద ఏమీ లేదు. కొంత ఊరట. అప్పుడు దాని నోటికి శుభ్రమైన గుడ్డ కట్టాను. వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి పాత పల్చటి ఓణీ ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. ఏది పీల్చినా గుడ్డకే అంటుకుంటుంది కదా. వేపాకులు, ఎండు చీమలు, ఒక వాషర్ వచ్చాయి. ముక్క మాత్రం రాలేదు. చివరికి నాన్న గడ్డం గీసుకునే అద్దం మానిఫోల్డ్ గొట్టాల కిందకి పోనిచ్చి చూస్తే, గేర్‌బాక్స్ మీద నూనె జిడ్డులో నల్లటి దాంట్లో నల్లగా అంటుకుని కనిపించింది. పట్టకారుతో తీసి, తుడిచి, పళ్ళెంలో పెడితే ఖాళీ సరిగ్గా పూడింది. మూడు గంటలు పట్టింది. ఆ చిన్న మూల పక్క ముక్కల్లో ఒదిగిపోవడం చూశాక గానీ అన్నం తినబుద్ధి కాలేదు.

ఇక బోల్ట్. కాడ మూడు మిల్లీమీటర్లు బయటికి ఉంది. గ్రిప్ ప్లయర్‌తో రెండుసార్లు పట్టాను, జారింది. మూడోసారి ప్రయత్నించలేదు, ఉన్నదీ అరిగిపోతే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. హౌసింగ్ మొత్తం విప్పి స్కూటీ మీద ఆటోనగర్ తీసుకెళ్లాను. దారిలో ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టర్ ఒకటి కొన్నాను, విరిగిన బోల్ట్‌లో బొక్క వేసి దించి వెనక్కి తిప్పి లాగే పనిముట్టు. లేత్ షాపులో పెద్దాయన దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

“ఇది లోపల విరిగిందనుకో అమ్మా, ఏ డ్రిల్లూ దిగదు. గట్టి ఉక్కు. అప్పుడు నీ హౌసింగ్ పోయినట్టే.”

“మరెలా బాబాయ్ గారూ?”

ఆయన కాడ మీద ఒక నట్ తొడిగి, దాని బొక్కలోంచి వెల్డింగ్ పోశారు. ఎర్రగా ఉన్నప్పుడు ముట్టుకోలేదు. కాస్త నల్లబడ్డాక కొవ్వొత్తి మొదట్లో ఆనించారు. మైనం కరిగి మరల్లోకి సన్నగా దిగిపోవడం కళ్లారా చూశాను. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, అందుకని బోల్ట్ చుట్టూ పట్టు సడలుతుంది. నట్‌కి పానా వేసి, పావు చుట్టు కూడా కాదు, అటొక వెంట్రుకంత, ఇటొక వెంట్రుకంత కదిపారు. ‘కీచ్’ మంది. ఇంకోసారి మైనం. ఐదారు నిమిషాలకి తెల్లటి పొడితో సహా కాడ బయటికొచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి. మరలు బాగానే ఉన్నాయి, మరలు కోసే ట్యాప్ ఒకసారి తిప్పి శుభ్రం చేస్తే చాలన్నారు. ఒకవేళ మర అరిగిపోతే స్ప్రింగు లాంటి ఇన్‌సర్ట్ దించాలని కూడా చెప్పారు. నూట యాభై తీసుకున్నారు. ఎక్స్‌ట్రాక్టర్ ఇంకా కవర్‌లోనే ఉంది.

కనెక్టర్‌కి పాత సామాను కొట్లో అలాంటి తొడుగే దొరికింది. పిన్నులు ఒక్కొక్కటే పాతదాంట్లోంచి తీసి, వైరు రంగు చూసుకుంటూ కొత్తదాంట్లోకి మార్చాను. కేబుల్ టై వేసి కట్టేయొచ్చు కదా అన్నాడు మా తమ్ముడు. ఆ వైరు ఊడితే ఇంజిన్ ఎంత వేడెక్కిందో బండిలోని కంప్యూటర్‌కి తెలియదు. మే ఎండలో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని వెళ్లే బండికి ఆ పని చేయలేను.

కొత్త బోల్ట్‌ల మరలకి కాపర్ గ్రీజు పల్చగా రాసి, ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పి, తర్వాత పానాతో రెండూ కొంచెం కొంచెంగా బిగించాను. కూలెంట్ పోసి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపాను. ఫ్యాను తిరిగింది, పై గొట్టం వేడెక్కింది. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజిన్ మీద చూస్తే కూలెంట్ సీసాలో ఒక వేలు తగ్గింది, పోశాను. ఆ తర్వాతి రోజు తగ్గలేదు. మూత అంచు పొడిగా ఉంది.